సేమూర్ క్రే

సేమూర్ రోజర్ క్రే (సెప్టెంబరు 28, 1925 – అక్టోబరు 5, 1996) అమెరికాకు చెందిన ఎలక్ట్రికల్ ఇంజనీరు, సూపర్ కంప్యూటర్ల రూపశిల్పి. ఈయన నిర్మించిన యంత్రాల వేగం లోకప్రసిద్ధం. అయితే ఆ వేగానికి అసలు అడ్డంకి గణితం కాదు, వేడి. క్రే జీవితంలో అధికభాగం ఆ వేడిని బయటికి పంపే మార్గాలు వెదకడంలోనే గడిచింది.

బాల్యం, విద్య

విస్కాన్సిన్ రాష్ట్రంలోని చిప్పెవా ఫాల్స్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి సివిల్ ఇంజనీరు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో రేడియో విభాగంలో పనిచేశాడు. తరువాత మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, 1951లో అనువర్తిత గణితంలో స్నాతకోత్తర పట్టా పొందాడు.

వేడితో పోరాటం

కంట్రోల్ డేటా సంస్థలో ఉండగా క్రే రూపొందించిన సిడిసి 6600 (1964) మొదటి సూపర్ కంప్యూటర్‌గా పేరు పొందింది. విద్యుత్ సంకేతం ఒక అడుగు తీగ దాటడానికి సెకనులో వందకోటవ వంతు కంటే కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. కనుక వేగం పెరగాలంటే తీగలు పొట్టివి కావాలి, భాగాలు దగ్గర దగ్గరగా ఇమడాలి. అలా ఇరికిస్తే వేడి పోయే దారి ఉండదు. అందుకే 6600లో రిఫ్రిజిరేటర్లలో వాడే ఫ్రియాన్‌ను గొట్టాల ద్వారా ప్రవహింపజేశారు. ఆ శీతలీకరణ వ్యవస్థను రూపొందించినవాడు డీన్ రౌష్. ఇతని పేరు చాలామందికి తెలియకపోవడం విచారకరం.

1972లో క్రే సొంతంగా క్రే రీసెర్చ్ సంస్థను స్థాపించాడు. 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరిన క్రే-1లో ప్రతి రెండు సర్క్యూట్ బోర్డుల నడుమ ఒక రాగి రేకు ఉంటుంది. చిప్పుల వేడి రాగిలోకి ప్రవేశించి, రేకు అంచుల గుండా అల్యూమినియం స్తంభాలకు, అక్కడినుండి వాటిలోని ఉక్కు గొట్టాల్లో పారే ఫ్రియాన్‌కు చేరుతుంది. నేటి ఇంటి కంప్యూటర్లలో చిప్పుపై అమర్చే లోహపు దిమ్మె పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. చెప్పినంత సులువుగా ఇది సాధ్యపడలేదు. ఫ్రియాన్‌లో కలిసిన కంప్రెసర్ నూనె అతుకుల నుండి కారి, బోర్డులపై పేరుకొని షార్ట్ సర్క్యూట్ కలిగించేది. కొత్త వెల్డింగు పద్ధతులు కనుగొనేవరకు, కొన్ని నెలలపాటు మొదటి యంత్రం ఆలస్యమైంది.

క్రే-2 (1985)లో బోర్డులను ఎనిమిదేసి చొప్పున పేర్చడంతో రాగి రేకుకు చోటు మిగలలేదు. క్రే ఇక్కడ సాహసమే చేశాడు: సర్క్యూట్లను విద్యుత్తు ప్రసరింపని ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో పూర్తిగా ముంచివేశాడు.

చివరి దశ

1989లో కొలరాడో స్ప్రింగ్స్‌లో క్రే కంప్యూటర్ కార్పొరేషన్ నెలకొల్పి, సిలికాన్‌కు బదులు గాలియం ఆర్సెనైడ్ చిప్పులతో క్రే-3 నిర్మించాడు. యంత్రం పనిచేసినా కొనేవారు దొరకలేదు. 1995లో సంస్థ దివాలా తీసింది. అయినా మరుసటి ఏడాదే మరో సంస్థ ప్రారంభించాడు. 1996 సెప్టెంబరు 22న జరిగిన కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, అక్టోబరు 5న మరణించాడు.