లార్డ్స్‌కు ఆలస్యంగా చేరిన సారథి సి.కె. నాయుడు

భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్టు సారథి కర్నల్ సి.కె. నాయుడు. ఆ గౌరవం దక్కేనాటికి ఆయనకు 36 ఏళ్లు నిండాయి. చాలామంది క్రీడాకారులు విశ్రాంతి గురించి ఆలోచించే ఆ వయసులో, క్రికెటర్లందరూ కలలుగనే లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఆయన దేశం తరఫున అడుగుపెట్టారు.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆనాడు నాగపూర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌కు రాజధాని. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, దాని చేరువలోని కోటా కూడా ఆ పాలన కిందనే ఉండేవి. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్ ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తున్నాయి. తెలుగునేలకు వెలుపల పుట్టి పెరిగి దేశమంతటా కీర్తి పొందిన నాయుడు జీవితం అటువంటి కుటుంబాలకు మరింత ఆత్మీయమైనది.

1916లో బొంబాయి చతుర్ముఖ పోటీలలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ జట్టుపై ఆయన ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ప్రవేశించారు. అప్పటికి భారతదేశానికి టెస్టు హోదా లేదు. ఎంత ప్రతిభ ఉన్నా దేశం పేరిట టెస్టు ఆడే దారి ఎవరికీ లేదు. 1923లో ఇందోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ ఆహ్వానంపై ఆయన ఆ సంస్థానం చేరి సైన్యంలో అధికారి పదవి స్వీకరించారు. జీవనోపాధి ఆ కొలువు. క్రికెట్ ఆయన అభిరుచి. ఆటే వృత్తిగా గలవారిని, అభిరుచితో ఆడేవారిని వేర్వేరుగా లెక్కించిన కాలమది.

1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టు బొంబాయి జింఖానా మైదానంలో ఆడింది. ఆ పోటీలో నాయుడు రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. వాటిలో 11 సిక్సర్లున్నాయి. భారతీయులు ఇంగ్లండ్‌తో సమఉజ్జీలుగా ఆడగలరన్న నమ్మకం ఆ పర్యటనతో బలపడింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది. టెస్టు ద్వారం తెరుచుకోవడంలో నాయుడు బ్యాటుకు కూడా భాగముంది.

1932లో భారత జట్టు ఇంగ్లండ్ పర్యటనకు బయలుదేరింది. సారథ్యం సంస్థానాధీశులకే చెందాలన్నది ఆనాటి ఆనవాయితీ. అందుకే పోరుబందరు మహారాజు సారథిగా, లింబ్డీ రాజవంశీకుడు ఉపసారథిగా వెళ్లారు. తన ఆట టెస్టు స్థాయికి చాలదని గ్రహించిన మహారాజు స్వయంగా తప్పుకున్నారు. ఉపసారథి గాయపడ్డారు. బాధ్యత నాయుడుకు వచ్చింది. రాజవంశానికి చెందని వ్యక్తి కింద ఆడడం కొందరు ఆటగాళ్లకు రుచించలేదు. అయినా నిర్ణయం మారలేదు.

జూన్ 25న లార్డ్స్‌లో తొలి టెస్టు మొదలైంది. ఇంగ్లండ్ సారథి డగ్లస్ జార్డిన్. మహమ్మద్ నిస్సార్ ధాటికి ఆతిథ్య జట్టు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయింది. ఆపైన కోలుకొని 259 పరుగులు చేసింది. ఫీల్డింగ్‌లో చేతికి గాయమైనా నాయుడు బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో భారత్ తరఫున అదే అత్యధికం. మ్యాచ్‌లో భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. అయినా ఆ జట్టు పోరాటపటిమను ఇంగ్లండ్ గుర్తించింది. ఆ పర్యటనలో నాయుడు ఫస్ట్‌క్లాస్ పోటీలలో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. 1933లో విజ్డెన్ ఆయనను ఆ సంవత్సరపు మేటి ఐదుగురు క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

1936 పర్యటనలో సారథ్యం మళ్లీ రాజవంశానికే వెళ్లింది. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ సారథి కాగా, నాయుడు ఆయన కింద ఆటగాడిగా కొనసాగారు. ఓవల్‌లో ఆడిన తన చివరి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 81 పరుగులు చేశారు. మొత్తం ఏడు టెస్టులే ఆయన ఖాతాలో మిగిలాయి. ఆయన యౌవనమంతా టెస్టు హోదా లేని రోజుల్లోనే గడిచిపోయింది.

వయసును మాత్రం ఆయన లెక్కచేయలేదు. 50వ ఏట రంజీ ఫైనల్‌లో బరోడాపై 200 పరుగులు చేసి, హోల్కర్ జట్టుకు విజయం అందించారు. 60 ఏళ్లు దాటాక కూడా రంజీ పోటీలలో ఆడారు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1967 నవంబరు 14న ఇందోర్‌లో కన్నుమూశారు. ఆయన కుమార్తె చంద్రా నాయుడు దేశంలోని తొలితరం మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరుపొందారు.

క్రికెట్ మండలి జీవితకాల సాఫల్య పురస్కారాన్ని నేడు ఆయన పేరిటే ఇస్తోంది. అవకాశం కోసం పదహారేళ్లు నిరీక్షించి, అది అందిన రోజున గాయపడిన చేతితోనే నిలబడి ఆడిన మనిషికి అది తగిన స్మృతి చిహ్నం.