తోటలో సాగిన పరిచర్య

జాన్ న్యూటన్ పేరు మన సంఘాలకు కొత్త కాదు. బానిసల ఓడకు కెప్టెన్‌గా తిరిగినవాడు, ప్రభువు చేత పట్టబడినవాడు, అమేజింగ్ గ్రేస్ రాసిన కాపరి ఆయన. ఆ పాట 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనల్లో ఉంది. అదే పుస్తకంలో 60కి పైగా కీర్తనలు రాసిన విలియం కూపర్ గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోము. ఆయన జీవితం సాక్ష్యాల కూటంలో చెప్పుకోవడానికి సులువైనది కాదు. ఆయన మనసుకు పూర్తి స్వస్థత ఈ లోకంలో దొరకలేదు. అయినా కుంగిపోయిన విశ్వాసిని ఎలా పట్టుకోవాలో తెలియక తికమకపడే ప్రతి సంఘమూ ఎరుగవలసిన జీవితమది.

కూపర్ 1731లో ఇంగ్లండులోని బెర్కంస్టెడ్‌లో ఒక పాదిరిగారి ఇంట పుట్టాడు. ఆరేళ్లకే తల్లి పోయింది. బడిలో తనకంటే పెద్దవాడొకడు పెట్టిన హింస ఆయనను జీవితమంతా వెంటాడింది. లా చదివాడు. 1763లో ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగం చేతికి వచ్చినట్టే వచ్చింది. అయితే దానికి సభ ఎదుట నిలబడి పరీక్ష ఇవ్వాలన్నారు. ఆ భయానికే మనసు విరిగి, ప్రాణం తీసుకోబోయాడు.

ఆ రోజుల్లో లండన్‌లోని బెడ్లాం ఆసుపత్రిలో మతి చెడినవారిని గొలుసులతో కట్టేవారు. జనం డబ్బులిచ్చి వింత చూడడానికి వెళ్లేవారు. కూపర్‌కు ఆ గతి తప్పింది. బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియేల్ కాటన్ నడిపే ఇంట చేర్చారు. కాటన్ భక్తిగలవాడు, రోగితో కూర్చుని మాట్లాడే వైద్యుడు. ఒకరోజు ఆ ఇంటి తోటలో బల్ల మీద కూపర్‌కు ఒక బైబిలు కనిపించింది. తెరిస్తే లాజరును లేపిన యోహాను 11వ అధ్యాయం. ఆ తరువాత రోమా 3:25 చదివినప్పుడు హృదయం తెరుచుకుంది.

1767లో ఆయన ఓల్నీకి వచ్చాడు. హంటింగ్‌డన్‌లో తనకు ఆశ్రయమిచ్చిన అన్విన్ కుటుంబంలో యజమాని గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. దిక్కులేకుండా మిగిలిన మేరీ అన్విన్‌ను, కూపర్‌ను న్యూటన్ పిలిపించుకున్నాడు. కాపరి ఇంటి తోటకూ కూపర్ తోటకూ మధ్య వేరొకరి పళ్లతోట ఉండేది. అందులోంచి నడిచేందుకు ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, కట్టి దారి హక్కు తీసుకున్నారు. వీధి చుట్టూ తిరగకుండా ఏ పూటంటే ఆ పూట ఒకరింటికి ఒకరు వెళ్లడానికి! మా దృష్టిలో న్యూటన్ చేసిన ప్రసంగాలన్నిటి పక్కనా పెట్టదగిన ఖర్చు ఇది. నడకలు, ప్రార్థన, మాటలు, కీర్తనల రచన అన్నీ ఆ స్నేహంలోనే సాగాయి.

ఈ రోజుల్లో కొందరు మానసిక వైద్య నిపుణులు రోగిని గదిలో ఎదురుగా కూర్చోబెట్టకుండా పార్కుకు తీసుకువెళ్లి నడుస్తూ మాట్లాడిస్తున్నారు. పక్కపక్కన నడిచేటప్పుడు కళ్లలోకి చూడనక్కరలేదు. మాట ఆగితే చెట్టూ పిట్టా ఆ ఖాళీని నింపుతాయి. సిగ్గుతో నోరు పెగలని మనిషికి అది ఎంతో సౌకర్యం. ఓల్నీలో దానికి పేరు లేదు, పని మాత్రం జరిగింది.

1773లో రెండవ దెబ్బ తగిలింది. దేవుడు తనను విడిచివేశాడని ఒక కలలో విన్నానని కూపర్ నమ్మాడు. ఆ నమ్మకం మళ్లీ పోలేదు. అప్పటినుంచి గుడి గడప తొక్కలేదు. ఏడాదికి పైగా ఆయన కాపరి ఇంట్లోనే ఉండిపోయాడు. విశ్వాసం తగ్గిందని న్యూటన్ ఆయనను తరిమివేయలేదు, ఇంట్లో ఉంచుకుని సహించాడు. కూపర్ తోటపని చేసేవాడు, కోళ్లకు మేత వేసేవాడు. 1774లో ఒకరోజు మేత వేస్తూ దేనికో చిరునవ్వు నవ్వాడు. పదహారు నెలల తరువాత కనబడిన ఆ మొదటి నవ్వును న్యూటన్ ఒక ఉత్తరంలో రాసి పెట్టాడు.

న్యూటన్ మతబోధే ఆయనను పిచ్చివాణ్ని చేసిందని తరువాతివారు కొందరు నిందించారు. మేము ఒప్పుకోము. మొదటి పతనం నాటికి ఆయన న్యూటన్‌ను ఎరుగనే ఎరుగడు.

ఇల్లు చేరాక కూపర్ మూడు కుందేటి పిల్లలను పెంచాడు: పుస్, టైనీ, బెస్. వాటికి గూళ్లు తానే చేశాడు. దోసపాదులు పెంచాడు, మొక్కలకు గాజు ఇల్లు కట్టాడు. తోటలో ఇద్దరు కూర్చునేంత చిన్న గదిలో రాసుకునేవాడు. న్యూటన్ 1780లో లండన్ వెళ్లిపోయినా కవిత్వం ఆగలేదు. 1785లో ద టాస్క్ వచ్చింది. 1788లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పద్యాలు రాశాడు. దేవుడు తనను తోసివేశాడనుకున్న మనిషి చేసిన పని ఇది!

1786లో దగ్గరి వెస్టన్ గ్రామానికి మారారు. చివరి ఏళ్లలో మేరీ అన్విన్‌కు పక్షవాతం వచ్చింది, కూపర్ మళ్లీ చీకట్లో పడ్డాడు. ఒకసారి వరుసగా కొన్ని రోజులు రాయిలా కూర్చుండిపోయాడు. ఎవరు పలకరించినా పలకలేదు. వైద్యుని సలహా మీద మేరీ తనకు కాస్త నడవాలని ఉందని, చేయి ఊతమివ్వమని ఆయనను అడిగింది. ఆమెకే నడక కష్టం. కూపర్ లేచి, ఆమె చేయి పట్టుకుని బయటికి నడిచాడు. బదరీవృక్షము క్రింద పడుకున్న ఏలీయాకు దేవుడు మొదట పంపినది గద్దింపు కాదు, రొట్టె, నీళ్లు అని మనకు గుర్తుకు రాకమానదు.

1795లో బంధువు జాన్ జాన్సన్ ఇద్దరినీ నార్ఫక్‌కు తీసుకువెళ్లి, కూపర్‌ను మండ్‌స్లీ సముద్రతీరాన నడిపించేవాడు. ఈసారి చీకటి విడలేదు. మరుసటి ఏడు మేరీ కన్నుమూసింది. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీరంలో కూపర్ కన్నుమూశాడు. ఇద్దరి సమాధులూ అక్కడి దేవాలయంలోనే ఉన్నాయి. ఓల్నీలోని ఆయన ఇల్లు 1900 నుంచి మ్యూజియం. తోటలోని ఆ చిన్న గది ఇప్పటికీ నిలిచి ఉంది.