జార్జి డి హెవెసీ

విద్యార్థులారా! విజ్ఞానవేత్తల చరిత్రలు చదువునప్పుడు మనము వారి విజయములనే చూచుచుందుము. కాని తన యోటమినే పునాదిగా జేసికొని యొక శాస్త్రమునకు మూలపురుషుడైన వాడొకడు గలడు. రోగి దేహమును కోయకయే లోపలి యవయవముల పనిని వైద్యునకు చూపుచున్న అణువైద్యమునకు దారి చూపిన జార్జి డి హెవెసీయే యాతడు.

హెవెసీ 1885వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన హంగేరీ దేశమునందలి బుడాపెస్టు పట్టణమున జన్మించెను. వారిది యూదవంశమునుండి వచ్చి రోమను కాథలిక్కు మతము నవలంబించిన సంపన్న కుటుంబము. బాలుడు క్రైస్తవ సన్యాసులు నడపు పాఠశాలలో చదివి, పిమ్మట జర్మనీ దేశమునకు బోయి, 1908లో ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. 1911లో మాంచెస్టరు చేరి, రూథర్‌ఫర్డు పండితుని ప్రయోగశాలలో ప్రవేశించెను.

అచ్చట నొక పెద్ద సీసపు రాశి యుండెను. దానిలో రేడియము డి యను రేడియోధార్మిక పదార్థము కలసియుండెను. సీసమునుండి దానిని వేఱుచేయుమని రూథర్‌ఫర్డు శిష్యునకు పని యొప్పగించెను. హెవెసీ తానెఱిగిన రసాయన పద్ధతులన్నియు ప్రయోగించెను. దీర్ఘకాలము శ్రమించినను రవ్వంతయు విడిపడలేదు. రేడియము డి యనునది సీసములోనే యొక రకమనియు, అట్టివాటిని రసాయన విధానమున విడదీయుట సాధ్యము కాదనియు తరువాత తేలెను. 1913లో సాడీ యను పండితుడు అట్టి సోదర పరమాణువులకు ఐసోటోపులని పేరిడెను.

మఱియొకడైనచో చేతులు ముడుచుకొని కూర్చుండెడివాడు. హెవెసీ మాత్రము ఆ యోటమిని తిరుగవేసి చూచెను. ఎన్నటికిని విడిపోనిచో, సీసము వెళ్లిన చోటికెల్ల రేడియము డి కూడ వెళ్లవలయును గదా! మందలో నొక్క యావు మెడకు గంట కట్టినచో, మంద కన్నులకు గానరాకున్నను అది యెచ్చట మేయుచున్నదో కాపరికి తెలియును. రేడియము డి సీసమునకు గంట యయ్యెను. 1913లో వియన్నా నగరమున పానెత్ అను మిత్రునితో గూడి, నీటిలో మిక్కిలి స్వల్పముగా కరగు సీసపు లవణముల పరిమాణమును ఈ యుపాయముచే కొలిచెను.

ఈ పద్ధతిని గూర్చి యొక వినోదకథ కలదు. తాను భుజించు పూటకూళ్లమ్మ, పళ్లెములలో మిగిలిన దానినే మరల వండి వడ్డించుచున్నదని హెవెసీకి అనుమానము కలిగెను. ఒకనాడు తన పళ్లెమున మిగిలినదానిలో కొంచెము రేడియోధార్మిక పదార్థమును కలిపెను. కొన్నాళ్లకు వడ్డించిన వంటకమును విద్యుద్దర్శినితో పరీక్షింపగా అనుమానము నిజమని తేలెను!

1920లో కోపెన్‌హేగను నగరమునకు బోయి, నీల్స్ బోరు పండితుని సంస్థలో చేరెను. 1923లో కోస్టరు అను వానితో గలసి హాఫ్నియమను క్రొత్త మూలకమును కనుగొనెను. ఆ సంవత్సరమే చిక్కుడు జాతి మొక్క వేళ్లు సీసమును పీల్చి ఆకులకు పంపు విధమును కొలిచెను. 1926లో ఫ్రైబర్గునందు ఆచార్యుడాయెను. హిట్లరు రాజ్యమునకు వచ్చిన పిమ్మట, 1934లో ఆ పదవిని విడిచి కోపెన్‌హేగనునకు మరలివచ్చెను. 1935లో రేడియోధార్మిక భాస్వరమును ఎలుకల కిచ్చి చూడగా, పెరుగుదల ముగిసిన యెముకలు సైతము రాతివలె మార్పులేక యుండక, నిత్యము పాతదానిని విడిచి క్రొత్తదానిని గైకొనుచున్నవని వెల్లడి యయ్యెను.

1940లో జర్మను సేనలు కోపెన్‌హేగనును ఆక్రమించెను. లావే, ఫ్రాంకు అను జర్మను పండితుల నోబెల్ బంగారు పతకములు బోరు సంస్థలో దాచియుండెను. వానిపై యజమానుల పేర్లు చెక్కియున్నవి. దేశమునుండి బంగారము బయటికి పంపుట అప్పుడు జర్మనీలో ఘోరనేరము గనుక, అవి పట్టుపడినచో లావేకు మిక్కిలి ప్రమాదమే. హెవెసీ ఆ పతకములను ద్రవరాజమున కరగించి సీసాలో నుంచెను. శత్రువులకు అది కంటబడలేదు. యుద్ధానంతరమున ఆ బంగారమును మరల రాబట్టి స్వీడను దేశమునకు పంపగా, నోబెల్ సంస్థవారు పతకములను తిరిగి పోయించి యిచ్చిరి. హెవెసీ 1943లో స్వీడనునకు తప్పించుకొని పోయెను. ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము 1944లో అతని కీయబడెను. 1966వ సంవత్సరము జూలై 5వ తేదీన ఫ్రైబర్గులో కాలధర్మము నొందెను.

అతడు పరీక్షింపదలచిన కణజాలమును వెలికిదీసి, దాని రేడియోధార్మికతను లెక్కించెడివాడు. 1950 తరువాతి సంవత్సరములలో హాల్ యాంగర్ అను అమెరికను నిర్మించిన గామా కెమెరా మొదలగు యంత్రములతో, దేహము వెలుపలనుండియే ఆ కిరణములను పట్టి చిత్రము తీయుట వాడుకలోనికి వచ్చినది. అయితే ఇందొక చిక్కు గలదు. అద్దుడు కాగితముపై సిరాబొట్టు పడినచో సిరా తగ్గదు. కాని నలుప్రక్కల వ్యాపించి రంగు పలుచబడును. అట్లే యీ యంత్రములలో చుక్కవంటిది మచ్చగా కనబడును. చిన్న కంతి తనలోనున్న దానికంటె తక్కువ రేడియోధార్మికత గలదానివలె తోచును. దగ్గరనున్న రెండు కంతులు ఒక్కటిగా అగుపడును. ఆ లెక్కను నమ్మిన వైద్యుడు, తగ్గని వ్యాధిని తగ్గినదని తలంచు ప్రమాదము గలదు.

అందుచే రోగిని కొలుచుటకు ముందు యంత్రమునే కొలువవలెను. సన్నని గొట్టమున రేడియోధార్మిక ద్రవమును నింపి చిత్రము తీసి, వచ్చిన మచ్చ కాంతి శిఖరములో సగము ఎత్తునొద్ద ఎంత వెడల్పున్నదో చూతురు. ఆ వెడల్పే యంత్రము యొక్క దృష్టికి హద్దు. కొన్ని యంత్రములలో అది 5 మిల్లీమీటర్ల ప్రాంతమున, మఱికొన్నిట 10 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండును. ఆ వెడల్పునకు రెండు మూడు రెట్లకంటె చిన్నదైన వస్తువు లెక్కకు తక్కువగా వచ్చును. కనుక వేర్వేరు పరిమాణముల గోళములలో తెలిసిన మోతాదు నింపి, నీటితొట్టిలో నుంచి చిత్రించి, ఎంత తగ్గుచున్నదో కనుగొని లెక్కను సవరింతురు.

ప్రియ విద్యార్థులారా! లెక్క తప్పినప్పుడు కాగితమును చింపి పారవేయకుడు. ఎచ్చట, ఎందువలన తప్పినదో నిదానముగా పరికింపుడు. దేవుడు మన కనుగ్రహించిన చూపునకు హద్దు గలదు. ఆ హద్దు నెఱిగి, దానిని దాచక చెప్పువాని లెక్కయే నమ్మదగినది. విడదీయరాని సీసమునుండి హెవెసీ నేర్చినది విద్యయు, వినయమును గూడ.