డీజిల్ అనే మనిషి

డీజిలు అనే మాట ఎరుగని రైతు మన పల్లెల్లో ఉండడు. అది ఒక మనిషి ఇంటిపేరని ఎరిగినవాళ్ళు మాత్రం తక్కువ. పొలంలో ఆయిలింజనుకు ఆయిలు మార్చడం నేర్చిన చాలా ఏళ్ళకు గాని నాకూ రుడాల్ఫ్ డీజిల్ కథ తెలియలేదు. తెలిశాక, ఆ ఇంజనుకు మనం చేసే చాకిరీకి కారణం కూడా ఆయన కథలోనే దొరికింది.

డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి తోలు సామాను చేసే పనివాడు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చి, జర్మన్లు పారిస్ విడిచిపోవలసి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ళ కుర్రవాణ్ణి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో, లెక్కల మాస్టారైన బంధువు ఇంటికి పంపారు. అక్కడ చదివి, స్కాలర్‌షిప్పు మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు.

అక్కడ ప్రొఫెసర్ కార్ల్ లిండే పాఠాల్లో ఒక సంగతి అతని మనసులో నాటుకుంది. ఆవిరి యంత్రం బొగ్గు వేడిలో పదో వంతుకు మించి పనిగా మార్చలేదు, మిగతాదంతా వృథా. పైగా ఆ యంత్రం పెద్ద ఫ్యాక్టరీలకే గాని చిన్న పనివాడికి అందదు. తక్కువ ఖర్చుతో నడిచి, చిన్నవాడి చేతికి అందే ఇంజను చేయాలన్నది డీజిల్ పట్టుదల.

సైకిలుకు గాలి కొడితే పంపు వేడెక్కడం మనందరికీ తెలుసు. డీజిల్ ఆలోచనకు మూలం అదే సూత్రం. సిలిండరులోని గాలిని పదహారో వంతుకు నొక్కితే ఆ వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. అందులోకి నూనె చిమ్మితే నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకుంటుంది. 1893లో దీనికి పేటెంటు వచ్చింది. ఆ ఏడు ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో చేసిన మొదటి ప్రయోగంలో పేలుడు జరిగి, కొలత పరికరం ముక్కలైంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను దాదాపు ఒక్క నిమిషం తనంతట తాను తిరిగింది. మరో మూడేళ్ళు కష్టపడ్డాక, 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించి, నూనె వేడిలో 26 శాతం పనిగా మారుతోందని తేల్చాడు.

కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. ఆరితేరిన ఇంజనీర్ల చేతిలో చక్కగా నడిచిన యంత్రం కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాక మొరాయించింది. ఫిర్యాదులు వచ్చాయి, కొన్ని ఇంజన్లు తిరిగొచ్చాయి. డీజిల్ ఆరోగ్యం దెబ్బతిని విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. ఎందరో ఇంజనీర్లు, మెకానిక్కులు ఏళ్ళ తరబడి ఒక్కొక్క లోపాన్నే సరిచేస్తూ పోతే గాని ఆ యంత్రం లోకానికి పనికిరాలేదు.

ఇప్పుడు మన చాకిరీ సంగతి. ఈ ఇంజనుకు గాలి నొక్కుడే ప్రాణం. ఫిల్టరు దాటి దుమ్ము లోపలికి పోతే పిస్టన్ రింగులు అరుగుతాయి. నొక్కుడు తగ్గుతుంది, పొద్దున్నే హ్యాండిలు ఎంత తిప్పినా స్టార్టు కాదు. అందుకే ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయాలి. ఇంజనాయిలు మసితో నల్లబడి చిక్కనవుతుంది. కాబట్టి రోజూ పుల్లతో మట్టం చూసుకోవాలి, కంపెనీ పుస్తకంలో రాసిన గంటలకు మార్చాలి. నూనె చిమ్మే పంపులో ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వెయ్యోవంతులే. నీటిచుక్కా, నలుసూ దానికి శత్రువులు. డీజిలు వడగట్టి పోయడం, ట్యాంకు అడుగు మడ్డి తీయడం, ఫ్యూయెల్ ఫిల్టరు మార్చడం అందుకే. ట్యాంకు పూర్తిగా ఎండితే గొట్టాల్లో గాలి చేరుతుంది. ఆ గాలి తీసేదాకా ఇంజను పలకదు. మా నాన్నకు థర్మోడైనమిక్స్ తెలియదు గాని, ఇవన్నీ తప్పకుండా చేస్తాడు.

డీజిల్ కాలంలో నూనె చిమ్మడానికి వేరే కంప్రెసరు కావలసి వచ్చేది. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులు పెద్ద ఎత్తున తయారు చేశాక చిన్న ఇంజనుకు దారి సుగమమైంది. అది చూడటానికి ఆయన లేడు. ఎంతో సంపాదించి, పెట్టుబడుల్లో పోగొట్టుకుని, అప్పుల్లో మునిగిన డీజిల్ 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్వెర్ప్ నుంచి ఇంగ్లండుకు ఓడలో బయల్దేరాడు. తెల్లారేసరికి గదిలో లేడు. కొన్ని రోజులకు సముద్రంలో దొరికిన శవం మీది వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ప్రమాదమో, ఆత్మహత్యో, మరొకటో ఈనాటికీ తేలలేదు.

చిన్నవాడి చేతికి ఇంజను అందాలన్న ఆయన ఆశ మన బావుల గట్ల మీద నెరవేరింది. నెరవేర్చింది ఒక్క పేటెంటు కాదు, మసిగుడ్డ పట్టుకున్న వేలాది చేతులు. సైన్సు చదివే మనం పరీక్షలో ఆ 26 శాతం రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ శాతాన్ని రోజూ కాపాడేవాడి పని కూడా సైన్సేనని ఒప్పుకుంటే, డీజిల్‌కు మనం చేసే గౌరవం అదే.