చప్పుళ్ళు పడని మేధావి – నికోలా టెస్లా



ఈ నెల గోడ పత్రికలో గొప్పవాళ్ళ జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నేను నికోలా టెస్లాను ఎంచుకున్నాను. మన బోరు మోటారు నీళ్ళు తోడుతున్నదన్నా, తలమీద ఫ్యాను తిరుగుతున్నదన్నా అందులో ఆయన ఆలోచన ఉంది. అయితే ఆయన కనిపెట్టిన వాటికంటే ఆయన చిన్నతనం గురించే ఎక్కువ రాస్తాను. అది మన హాస్టలుకు పనికొచ్చే సంగతి.

టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే పల్లెలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు క్రొయేషియా దేశంలో ఉంది. తండ్రి చర్చిలో పూజారి. తల్లికి చదవడం రాదు. కానీ ఇంటికి కావలసిన పనిముట్లు తనే తయారుచేసేది, పెద్ద పెద్ద కథాగేయాలు నోటికి చెప్పేది. మన అవ్వల లాంటి మనిషన్నమాట. తన తెలివి అమ్మ నుంచే వచ్చిందని టెస్లా నమ్మాడు.

1919లో ఆయన తన కథను తనే ఒక పత్రికలో రాసుకున్నాడు. అందులోని సంగతులు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఎవరైనా ఒక వస్తువు పేరు చెప్తే చాలు, అది ఆ పిల్లవాడి కళ్ళ ముందు నిలబడేది. ఒక్కోసారి మెరుపుల్లాంటి వెలుగులు కూడా వచ్చేవి. ఆ వస్తువు నిజంగా అక్కడ ఉందో లేదో తెలియక అక్కచెల్లెళ్ళను అడిగేవాడు. ఆడవాళ్ళ చెవి కమ్మలు చూస్తే పడేది కాదు. ముత్యాలు చూస్తే ఒళ్ళు తెలిసేది కాదు. ఇంట్లో ఏ మూల కర్పూరం ముక్క ఉన్నా ఇబ్బందిపడేవాడు. ఇంకొకరి జుట్టు తాకలేడు. నడిస్తే అడుగులు లెక్కపెట్టుకోవాలి. భోజనానికి కూర్చుంటే గిన్నెలో సూపు ఎంత పడుతుందో లెక్క కట్టాలి, లేకపోతే తిండి రుచించదు.

అదే పిల్లవాడు లెక్కల్లో అందరికన్నా ముందు. డ్రాయింగులో మాత్రం చివరివాళ్ళలో ఒకడు. తెలివైనవాడికి అన్నీ సమానంగా వస్తాయని మనం అనుకుంటాం గానీ అట్లా ఉండదు.

1873లో కలరా వచ్చి తొమ్మిది నెలలు మంచాన పడ్డాడు. తండ్రికి కొడుకును పూజారిని చేయాలని కోరిక. బతికితే ఇంజనీరింగు చదివిస్తానని అప్పుడు మాట ఇచ్చాడు. 1875లో గ్రాజ్ పట్టణం పంపించాడు కూడా.

1881లో బుడాపెస్ట్ నగరంలో ఉద్యోగం చేస్తుండగా ఆయనకు పెద్ద కష్టం వచ్చింది. మూడు గదుల అవతల ఉన్న గడియారం టిక్ టిక్ వినపడేది. బల్లమీద ఈగ వాలితే దబ్బుమని మోగేది. దూరంగా బండి వెళ్తే ఒళ్ళంతా అదిరేది. మంచం కింద రబ్బరు దిండ్లు పెడితేగాని కన్ను మూతపడేది కాదు. పేరున్న డాక్టరు కూడా ఇది నయం కాదనేశాడు. ఆయనను నిలబెట్టింది ఒక స్నేహితుడు. వేళాకోళం చేయకుండా రోజూ నడకకు, వ్యాయామానికి తీసుకువెళ్ళాడు. 1882లో ఆ స్నేహితుడితో పార్కులో నడుస్తుండగానే తిరిగే అయస్కాంత క్షేత్రం ఆలోచన తట్టింది. అక్కడే పుల్లతో ఇసుకలో బొమ్మ గీసి చూపించాడు. చిన్నప్పుడు బాధపెట్టిన ఆ కళ్ళముందు బొమ్మలే ఇప్పుడు పనికొచ్చాయి. యంత్రాన్ని మొత్తం మనసులోనే తిప్పి చూసుకునేవాడు.

1884లో అమెరికా వెళ్ళాడు. 1888లో ఆయన మోటారుకు పేటెంట్లు వచ్చాయి. 1896లో నయాగరా జలపాతం కరెంటు బఫెలో నగరానికి చేరింది.

టెస్లాకు ఉన్నదానికి ఇప్పుడు మనం పేరు పెట్టలేం, ఆయనను పరీక్షించే వీలు లేదు కాబట్టి. కానీ ఇలాంటి పిల్లలు ఉన్నారని ఇప్పుడు బాగా తెలిసింది. కన్ను, చెవి, చర్మం పంపే కబుర్లలో ఏది ముఖ్యం, ఏది వదిలేయాలి అని మెదడు ఏరుకుంటుంది. మనం పల్లెల నుంచి సికింద్రాబాద్ వచ్చినప్పుడు రైలు కూతలకు నిద్ర పట్టలేదు. కొన్నాళ్ళకు అవి వినపడటమే మానేశాయి. కొందరికి అట్లా మానవు. ప్రతి చప్పుడూ మొదటిరోజులాగే మోగుతుంది. జీన్ ఆయర్స్ అనే అమెరికా ఆమె 1972లో దీనిమీద పుస్తకం రాసింది. ఇది విడిగా ఒక జబ్బా కాదా అని డాక్టర్లలో తేడాలున్నాయి గానీ, ఆ పిల్లల బాధ మాత్రం నిజం.

మన హాస్టల్లో కూడా అలాంటి తమ్ముడు ఒకడున్నాడు. వాడిని అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. మూడంకెల గుణకారాలు నోటితో చెప్తాడు. మెస్సులో స్టీలు ప్లేట్లు విసిరే చప్పుడుకు చెవులు మూసుకుని సగం అన్నం వదిలేసి లేస్తాడు. కొత్త యూనిఫారం కాలరు గీరుకుంటున్నదని విప్పేస్తాడు. కొందరు పొగరు అంటారు, కొందరు గాలి సోకింది అంటారు. ఈసారి సెలవులకు వెళ్తే మళ్ళీ రానంటున్నాడు. అట్లా వెళ్ళినవాళ్ళు తిరిగి బడికి రావడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు.

అందుకని వార్డెన్ సారుకు ఒక మనవి. వాడికి పది నిమిషాలు ముందు అన్నం పెట్టించండి. గంటకు దూరంగా పడక ఇవ్వండి. ఉతికి మెత్తబడిన పాత చొక్కా వేసుకోనివ్వండి. వీటికి ఖర్చు లేదు. మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. బుద్ధి ఎదుగుదల తగ్గిన పిల్లల కోసం పెట్టినది. అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ తెలిసినవాళ్ళు ఉంటారు. ఇలాంటి పిల్లలకు ఉయ్యాల, బరువులు మోయడం, రకరకాల వస్తువులు తాకడం వంటి ఆటలతో కొద్దికొద్దిగా అలవాటు చేయడం వాళ్ళ పని. ఎవరిని కలవాలో అక్కడ అడగవచ్చు. అక్కడికి వెళ్ళినంత మాత్రాన తెలివి తక్కువని ఎవరూ అనుకోవద్దు. మిత్రులకు కూడా ఒక మాట. ప్లేటు విసరకుండా కింద పెడదాం.

టెస్లా 1943 జనవరి 7న న్యూయార్కులో ఒక హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయాడు. ఏ పని అయినా మూడుతో భాగించబడేలా ఉండాలన్న అలవాటు ఆయనకు పెద్దయ్యాక కూడా పోలేదు. ఆ గది నంబరు 3327. భాగించి చూడండి. 1960లో అయస్కాంత బలం కొలతకు ఆయన పేరు పెట్టారు. మన తమ్ముడికి అంత పేరు రాకపోయినా ఫర్వాలేదు. పదో తరగతి పరీక్ష మన మధ్యే కూర్చుని రాస్తే చాలు.

– మీ మిత్రుడు, తొమ్మిదో తరగతి