పేష్వాజ్‌కు అంటగట్టిన కులం

పాతబస్తీ చరిత్ర అనగానే మనం నవాబుల వంశవృక్షాలు తిరగేస్తాం. ఆ వృక్షాల్లో చోటు దక్కని ఒక స్త్రీ జీవితాన్ని, ఆమె ధరించిన దుస్తుల వైపు నుంచి పరిశీలించాలని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆమె మహలఖా బాయి చందా. 1768లో ఔరంగాబాదులో జన్మించారు. తల్లి రాజ్ కున్వర్ గాన నర్తన వృత్తిలోని స్త్రీ. ఆ వృత్తి ఆనాడు ఎంచుకుంటే వచ్చేది కాదు, పుట్టుకతో మీద పడేది. చందా ప్రధానమంత్రి రుక్నుద్దౌలా ఇంటి నీడలో పెరిగారు. తాన్‌సేన్ పరంపరకు చెందినవాడిగా పేరున్న ఖుష్‌హాల్ ఖాన్ వద్ద సంగీతం నేర్చుకున్నారు. రెండవ నిజాం అలీ ఖాన్ దర్బారులో నర్తకిగా, ఉర్దూ కవయిత్రిగా నిలబడ్డారు.

ఆ దర్బారులో నర్తకి వేసుకునేది పేష్వాజ్. ఒంటికి పట్టిన పైభాగం, నడుము నుంచి కుచ్చులుగా విచ్చుకునే ఘేరా, లోపల చుడీదార్ పైజామా. మొగలు కొలువుల్లో పురుషులు తొడిగిన జామా కూడా దాదాపు ఇదే కోత. తేడా ప్రధానంగా ఎక్కడ తెరుచుకుంటుందన్న దానిలోనే ఉంది. పేష్వాజ్ ముందువైపు నడిమిన తెరుచుకుంటుంది, పేరుకు అర్థమూ అదే. జామా ఛాతీ మీదుగా మడిచి చంక కింద ముడి వేసేది. ముస్లింలు కుడివైపు, హిందువులు ఎడమవైపు ముడి వేయడం ఆనవాయితీ. అంటే పురుషుడి వస్త్రం అతని మతాన్ని చెప్పేది. పేష్వాజ్‌ను బేగములూ ధరించారు, నర్తకులూ ధరించారు. ఆ గుడ్డకు తనదంటూ నీచత్వమేదీ లేదు.

చందా ఈ రెండు రకాల దుస్తులనూ ధరించారు. ఆమె పురుష వేషంలో నిజాం వెంట యుద్ధయాత్రలకు వెళ్లారని, బల్లెం విసరడంలో దిట్ట అని చరిత్రకారులు రాశారు. దర్బారు ఆమెకు ఉమ్రావుల హోదా ఇచ్చింది, బయటికి వెళితే వెంట అయిదువందల మంది సైనికులు నడిచేవారు. అడిక్‌మెట్ జాగీరు కూడా ఆమెదే. 1798లో తన గజళ్లను దివాన్‌గా కూర్పించారు. ఉర్దూలో దివాన్ ఉన్న తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు. మరుసటి ఏడాది దాని ప్రతిని జాన్ మాల్కం అనే ఆంగ్ల అధికారికి కానుకగా ఇచ్చారు.

దీన్ని విముక్తి గాథగా రాసేయడం సులభం. నేను రాయను. జామా తొడిగి గుర్రమెక్కినా, ఆ అనుమతి నిజాం చేతిలోనిది. పేష్వాజ్ తొడిగి ఆడినప్పుడు చూపరులు ఎవరో, ఆడేవారు ఎవరో ముందే నిర్ణయమై ఉంది. హోదా పెరిగింది గాని పుట్టుక చెరగలేదు.

ఇదే దక్కనులో మరో కథ ఉంది. చందాకు సుమారు ఒక శతాబ్దం ముందు గోల్కొండ ఏలిన అబుల్ హసన్ తానీషా, కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల ప్రదర్శన చూసి ఆ గ్రామాన్ని వారికి రాసిచ్చాడని సంప్రదాయం చెబుతుంది. అక్కడ సత్యభామ పాత్ర పురుషుడిదే. చీర, రవికె, పొడుగాటి జడ, నగలు, అన్నీ స్త్రీవే. ఇరవయ్యో శతాబ్దం దాకా ఆ మేళాల్లో స్త్రీకి చోటు లేదు. బ్రాహ్మణ పురుషుడు స్త్రీవేషం కడితే అది విద్య, భక్తి. ఆ నగలతోనే కళావంతుల స్త్రీ ఆడితే అది వ్యభిచారమని మన సంస్కర్తలు తీర్పిచ్చారు. కందుకూరి వీరేశలింగం వంటివారు మేజువాణీలకు వెళ్లవద్దని ప్రచారం చేశారు. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ అంకితాన్నీ, ఆలయాల్లో వారి నాట్యాన్నీ నిషేధించింది. అంకితం పేరిట జరిగిన దోపిడీ నిజం, దాన్ని ఆపవలసిందే. కానీ ఆ స్త్రీల వద్దనున్న నాట్యం అగ్రకులాల ఇళ్లకు చేరి శాస్త్రీయమైంది. నేర్పినవారి పేరు మాత్రం తిట్టుపదంగా మిగిలింది.

పేష్వాజ్ గతీ అంతే. దర్బారులు పోయాక అది ముజ్రా వేషమైంది. చార్మినార్ సమీపంలోని మెహబూబ్ కీ మెహందీ పేరు చెబితే మర్యాదస్తులు ముఖం తిప్పుకునే కాలం వచ్చింది. ఇప్పుడు పత్తర్‌గట్టీ దుకాణాల్లో అదే కోత, అదే ఘేరా అనార్కలీ పేరుతో పెళ్లికూతుళ్ల కోసం వేలాడుతోంది. బేరమాడే తల్లులకు అది ఎవరి ఒంటి మీది దుస్తో తెలియదు. చెబితే కొనడం మానేస్తారేమో!

చందా 1824లో కన్నుమూశారు. పాతబస్తీకి దూరంగా, మౌలాలీ గుట్ట పాదాన, 1792లో తల్లి కోసం తాను కట్టించిన ప్రాంగణంలోనే ఆమె సమాధి కూడా ఉంది. తన భూములు, బంగారం, వజ్రాలు ఏ నవాబు వంశానికీ రాయలేదు. దిక్కులేని స్త్రీలకు చెందాలని చెప్పి వెళ్లారు.