చేతివృత్తులకు ప్రభుత్వంలో కుర్చీ వేయించిన కమలాదేవి

మంగుళూరులో ఒక పెద్ద ఇంట్లో ఏడేళ్ల పిల్ల తండ్రిని పోగొట్టుకుంది. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ జిల్లా కలెక్టరుగా పనిచేసిన మనిషి. ఆస్తికి లోటు లేదు కానీ ఆయన వీలునామా రాయకుండా పోయారు. అప్పటి చట్టం ప్రకారం ఆస్తి మొత్తం మొదటి భార్య కొడుకుకు వెళ్లిపోయింది. రెండో భార్య గిరిజాబాయికి, ఆమె కూతురికి దక్కింది నెలనెలా కొంత భరణం మాత్రమే. గిరిజాబాయి ఆ భరణం వద్దనుకుని, తన పుట్టింటి నుంచి వచ్చిన కొద్దిపాటి ఆస్తితోనే పిల్లను పెంచారు.

ఆ పిల్లే కమలాదేవి ఛటోపాధ్యాయ. 1903 ఏప్రిల్ 3న పుట్టారు. ఒకరి దయ మీద బతకడానికీ, హక్కుగా బతకడానికీ తేడా ఏమిటో ఆమె తన ఇంట్లోనే చూశారు. నాలుగు దశాబ్దాల తర్వాత దేశంలోని కుమ్మరులు, చేనేతకారులు, బొమ్మల కళాకారులు, రంగస్థల నటుల గురించి ప్రభుత్వంతో మాట్లాడినప్పుడు ఆమె వాదనకు మూలం ఇదే. రాజులు, జమీందారులు పోయారు, ఇక ఈ కళాకారులను ఎవరు చూస్తారన్నది అప్పటి ప్రశ్న. ఆ ప్రశ్నకు నేటికీ పూర్తి జవాబు దొరకలేదు.

రంగస్థలం నుంచి ఉప్పు సత్యాగ్రహానికి

కమలాదేవికి 14 ఏళ్లకే పెళ్లి చేశారు. రెండేళ్లు తిరగకముందే భర్త చనిపోయారు. అప్పటి ఆచారం ప్రకారమైతే ఆమె జీవితం ఇంటి నాలుగు గోడల మధ్యే ముగిసిపోవాలి. తల్లి అలా జరగనివ్వలేదు. మద్రాసులోని క్వీన్ మేరీస్ కాలేజీలో చేర్పించారు. అక్కడ సరోజినీ నాయుడి చెల్లెలు సుహాసినితో స్నేహం కుదిరింది. ఆ పరిచయంతోనే హైదరాబాదులో పుట్టి పెరిగిన కవి, నటుడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయతో పెళ్లి జరిగింది. బాల వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడం, అదీ వేరే భాష, వేరే ప్రాంతం మనిషిని చేసుకోవడం అప్పట్లో పెద్ద దుమారమే లేపింది.

ఇద్దరూ కలిసి నాటకాలు వేశారు. గౌరవనీయమైన కుటుంబాల ఆడవాళ్లు రంగం ఎక్కకూడదన్న రోజులవి. కమలాదేవి రంగం ఎక్కడమే కాదు, 1931లో వచ్చిన మూకీ చిత్రం మృచ్ఛకటికలోనూ నటించారు. కళాకారుల మీద సమాజం చూపే చిన్నచూపును ఆమె బయటి నుంచి కాదు, లోపలి నుంచే ఎరుగుదురు. ఆ దాంపత్యం ఎక్కువ కాలం నిలవలేదు. వారిద్దరూ విడాకులు తీసుకున్నారు.

లండన్‌లో సోషియాలజీ చదువుతుండగా సహాయ నిరాకరణ పిలుపు విని ఆమె దేశానికి తిరిగొచ్చారు. 1926లో మద్రాసు శాసన మండలికి పోటీచేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. దేశంలో చట్టసభకు పోటీచేసిన తొలి మహిళగా ఆమెకు గుర్తింపు ఉంది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో మహిళలకూ చోటివ్వాలని గాంధీజీని ఒప్పించినవారిలో ఆమె ఒకరు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోకి వెళ్లి ఉప్పు పొట్లాలు అమ్మి జైలుకు వెళ్లారు. 1936లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి అధ్యక్షత వహించారు.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి ఆమె వయసు 44. తోటివారు చాలామంది మంత్రులు, గవర్నర్లు, రాయబారులు అయ్యారు. ఆమె మాత్రం ఆ దారి పట్టలేదు.

ఫరీదాబాద్ నేర్పిన పాఠం

దేశ విభజన సమయంలో వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వేలాది కుటుంబాలు ఢిల్లీ చుట్టుపక్కలకు వచ్చి గుడారాల్లో తలదాచుకున్నాయి. వారికి తిండిగింజలు పంచిపెట్టి ఊరుకోవడం కమలాదేవికి నచ్చలేదు. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ స్థాపించారు. ఢిల్లీకి దగ్గరలో ఫరీదాబాద్ పట్టణం కట్టాలని నిర్ణయమైనప్పుడు, ఆ పనిని కాంట్రాక్టర్లకు అప్పగించకుండా శరణార్థుల చేతే చేయించాలని పట్టుబట్టారు. దాదాపు 50,000 మంది కోసం తలపెట్టిన పట్టణం అది. అక్కడ ఉండబోయేవాళ్లే ఇటుకలు చేశారు, గోడలు లేపారు, సహకార సంఘాలు పెట్టుకున్నారు.

తర్వాత పగ్గాలు అధికార యంత్రాంగం చేతికి వెళ్లేకొద్దీ ఆ సహకార సంఘాల ఊపు తగ్గిపోయింది. ఈ అనుభవం ఆమెకు రెండు సంగతులు నేర్పింది. ప్రభుత్వ సొమ్ము లేకుండా ఇంత పెద్ద పని సాగదు. నిర్ణయాలన్నీ ప్రభుత్వం చేతిలోనే పెడితే ఆ పని నిలవదు. ఆ తర్వాత కళల రంగంలో ఆమె చేసిన ప్రతి ప్రయత్నం ఈ రెండింటి మధ్య దారి వెతకడమే.

బోర్డు ఎందుకు అవసరమైంది

1947 తర్వాత సంప్రదాయ కళల పరిస్థితి విచిత్రంగా తయారైంది. బ్రిటిష్ పాలనలో మిల్లు బట్ట, యంత్రాల మీద తయారైన పాత్రలు చేతిపనివారిని అప్పటికే దెబ్బతీశాయి. సంస్థానాలు భారత్‌లో విలీనమయ్యాయి, జమీందారీలు రద్దయ్యాయి. ప్రజాస్వామ్యానికి అవి తప్పనిసరి మార్పులే. కానీ వాటితో పాటే చిత్రకారుడికి, నటుడికి, వాద్యకారుడికి, శిల్పికి అంతకాలం అన్నం పెట్టిన పోషకులూ పోయారు. కొత్త రిపబ్లిక్ దృష్టేమో ఉక్కు కర్మాగారాలు, ఆనకట్టల మీద ఉంది.

1952లో కేంద్రం అఖిల భారత హస్తకళల బోర్డును ఏర్పాటు చేసి, ఆ బాధ్యత కమలాదేవికి అప్పగించింది. ఆమె రెండు దశాబ్దాల పాటు దాన్ని నడిపించారు. అదే ఏడాది ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణ ఆమె సహకార యూనియన్ చేతికి వచ్చింది. ఒకవైపు తయారీదారు సమస్యలు వినే బోర్డు, మరోవైపు సరుకు అమ్మిపెట్టే దుకాణం. ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుందని ఆమె నమ్మారు.

బోర్డు ఆఫీసు ఢిల్లీలో ఉన్నా ఆమె ఎక్కువగా ఊళ్లలోనే కనిపించేవారు. ఏ కళ ఏ ఊళ్లో ఉంది, ఎందరికి వచ్చు, ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుంది, మధ్య దళారీ ఎంత మిగుల్చుకుంటున్నాడు, కొడుకు ఆ పని నేర్చుకుంటున్నాడా లేక పట్నం పోయాడా. ఇలాంటి వివరాలు లేకుండా ఏ పథకమూ పనిచేయదన్నది ఆమె పద్ధతి. డిజైన్ కేంద్రాలు, శిక్షణ కేంద్రాలు, ఢిల్లీలో హస్తకళల మ్యూజియం, 1965 నుంచి మేటి కళాకారులకు జాతీయ అవార్డులు అన్నీ ఆ కాలంలో వచ్చినవే.

శ్రీకాళహస్తిలో ఏం జరిగింది

తెలుగు నేల మీద ఈ కృషికి స్పష్టంగా కనిపించే గుర్తు శ్రీకాళహస్తి కలంకారీ. గుడుల్లో తెరలుగా, రథాలకు అలంకారంగా వేలాడిన ఆ రామాయణ, భారత కథల బట్టలకు 1950ల నాటికి అడిగేవారు కరువయ్యారు. పని తెలిసిన పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. కమలాదేవి చొరవతో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఏర్పడింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో గురువుగా కొత్తవారికి నేర్పారు. ఆయన కుమారుడు గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు శ్రీకాళహస్తి వీధుల్లో కలంకారీ మీద బతుకుతున్న కుటుంబాలకు ఆ శిక్షణ కేంద్రమే మూలం.

కలంకారీ తయారయ్యే తీరు చూస్తే కళకు విధానం ఎందుకు కావాలో తెలుస్తుంది. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెడితే నల్లరంగు వస్తుంది. ఎరుపు పట్టాలంటే పటిక కావాలి. వెదురు కలంతో గీసిన బట్టను పారే నీటిలో పదేపదే ఉతకాలి. అంటే ఈ కళ నిలవాలంటే స్వర్ణముఖి నదిలో నీరుండాలి, అడవి నుంచి కరక్కాయ రావాలి, రోజుల తరబడి సాగే పనికి ముందే పెట్టుబడి దొరకాలి, యంత్రం మీద అచ్చువేసిన బట్టను కలంకారీ పేరుతో అమ్మేవాళ్లను అడ్డుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ సాంస్కృతిక శాఖ పరిధిలోకి రాదు. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి చెక్క, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర దొరకడమూ ఇలాంటి సమస్యే. అది అడవుల సంగతి. కళాకారుడి కష్టం అరడజను శాఖల మధ్య చీలిపోయి ఉంటుంది. ఆ శాఖలన్నింటితో కళాకారుడి తరఫున మాట్లాడే చోటు ఒకటి ఉండాలన్నదే కమలాదేవి బోర్డు వెనకున్న ఆలోచన.

నాటకానికీ అదే సూత్రం

ఆమె దృష్టిలో కుండ చేసేవాడు, యక్షగానం ఆడేవాడు వేర్వేరు కాదు. ఇద్దరూ తరతరాలుగా వచ్చిన విద్య మీద బతికేవారే. ఆమె నాయకత్వంలో పనిచేసిన భారతీయ నాట్య సంఘ్ ఢిల్లీలో ఆసియా రంగస్థల శిక్షణ సంస్థను ప్రారంభించింది. నేటి నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు అదే పునాది. 1953లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీకి 1977 నుంచి 1982 వరకు ఆమె అధ్యక్షురాలిగా ఉన్నారు.

ప్రభుత్వం వెలుపలా ఆమె సంస్థలు కట్టారు. 1964లో క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మొదలైంది. ఎంత మంచి ప్రభుత్వ సంస్థకైనా బయటి నుంచి ప్రశ్నించే గొంతు ఉండాలన్నది ఆమె లెక్క. 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి. 1988 అక్టోబర్ 29న 85 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

ఆమె పోయాక మిగిలింది

ఆమె పనిలో లోపాలు లేవని కాదు. అవార్డు అందుకున్న కొద్దిమందికి పేరు, మార్కెట్ దక్కాయి. వారి దగ్గర కూలికి పనిచేసే వందలమందికి ఆ వెలుగు చేరలేదు. నగరాల ఎంపోరియంలలో కొనేవారి అభిరుచికి తగ్గట్టు కొన్ని కళలు తమ ఊరి రూపు మార్చుకున్నాయి.

అన్నింటికన్నా పెద్ద లోపం బోర్డు పుట్టుకలోనే ఉంది. అది సలహాలిచ్చే బోర్డు మాత్రమే. అమలు చేయించే అధికారం చట్టం ఇచ్చింది కాదు. ప్రధానితో నేరుగా మాట్లాడగల స్వాతంత్ర్య సమరయోధురాలు ఆ కుర్చీలో ఉన్నంతకాలం అది సాగింది. ఆమె తర్వాత ఆ కుర్చీ బలం తగ్గుతూ వచ్చింది. చివరికి 2020లో, కోవిడ్‌తో చేతివృత్తులవారి అమ్మకాలు పూర్తిగా నిలిచిపోయిన సమయంలో, కేంద్రం అఖిల భారత హస్తకళల బోర్డును, దానితో పాటు చేనేత బోర్డును రద్దు చేసింది. ప్రభుత్వ సంస్థలను కుదించి పాలనను సరళం చేయడమే ఉద్దేశమని చెప్పింది. చట్టంతో పుట్టనిది కాబట్టి పోవడానికి పార్లమెంటులో చర్చ అక్కర్లేకపోయింది. ఒక ఉత్తర్వు సరిపోయింది.

అలాగని ప్రభుత్వాలు కళాకారులకు ఏమీ చేయడం లేదనడం సరికాదు. వృద్ధ కళాకారులకు కేంద్రం నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయల సాయం అందిస్తోంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులవారికి శిక్షణ, పనిముట్లు, తక్కువ వడ్డీకి రుణం ఇస్తోంది. ఇవి అవసరమైనవే. కానీ పథకం ప్రభుత్వం ఇచ్చేది. ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో అదే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం జరిగే గదిలో కళాకారుల తరఫున మాట్లాడేవారు ఉన్నారా అన్నది వేరే ప్రశ్న.

సాంస్కృతిక సంస్థల పనితీరు మీద 1972లో ఖోస్లా కమిటీ, 1990లో హక్సర్ కమిటీ నివేదికలు ఇచ్చాయి. అయినా పార్లమెంటు ఆమోదించిన సమగ్ర జాతీయ సాంస్కృతిక విధానం మాత్రం దేశానికి ఇప్పటికీ లేదు. ముడిసరుకు, మార్కెట్, శిక్షణ, వృద్ధాప్య భద్రత, నకిలీల నియంత్రణ ఒక్కచోటికి తెచ్చే చట్టబద్ధమైన సంస్థ ఉంటే, కళాకారులు మరో కమలాదేవి కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు.

వీలునామా లేకపోవడంతో మంగుళూరులో ఒక తల్లి, కూతురు ఆస్తి పోగొట్టుకున్నారు. ఆ కూతురు 20 ఏళ్లు శ్రమించి కళాకారులకు కట్టిన ఇంటికీ అలాంటి కాగితం రాసి ఉండలేదు.